పరిహాసవాచకములు: ఆంగ్లాంధ్ర శబ్దవిచారము

పూడిమడక తూర్పుసముద్రతీరమందలి జాలరిపల్లె. 2022వ సంవత్సరమున నేర్పడిన అనకాపల్లి జిల్లాలో నిపుడు చేరియున్నది. అంతకుమునుపు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఈ సీమయందే, యలమంచిలి చేరువనున్న సర్వసిద్ధి రాయవరమున, 1862 సెప్టెంబరు 21వ తేదీని గురజాడ అప్పారావు జన్మించెను. ఆంగ్లవాగాడంబరమును నవ్వులపాలు చేసిన కన్యాశుల్కమునకుఁ గర్త యీ ప్రాంతమువాఁడే యగుటచే, ఆంగ్లభాషయందలి పరిహాసవాచకముల విచారమున కా నాటకమే తగిన యొరగల్లు.

పారడీ, ఫార్సు, బర్లెస్కు, ట్రావెస్టీ, సెటైరు అను శబ్దముల నన్నిటిని "పరిహాసము" అను నొక్కమాటతోఁ దెనిఁగించుట మనలోఁ గద్దు. ఇది శబ్దదారిద్ర్యము కాదు, అర్థభేదమును విచారింపమి.

పారడీ గ్రీకుశబ్దము, పాటప్రక్కఁ బాడఁబడు పాట యని యవయవార్థము. థాసోసు ద్వీపవాసియగు హెగెమోను దీనికి మొదటి కర్తయని అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమునఁ బేర్కొనెను. ఫార్సు కూరుటయను నర్థముగల లాటిను ధాతువునుండి వచ్చినది. మతసంబంధములగు నాటకముల నడుమఁ గూరఁబడిన హాస్యఘట్టముల కాపేరు గలిగెను. బర్లెస్కు ఎగతాళియను నర్థముగల ఇటలీభాషాపదమునుండియు, ట్రావెస్టీ వేషము మార్చుటయను నర్థముగల పదమునుండియుఁ బుట్టినవి. ఫ్రెంచికవియగు స్కారను 1648 మొదలు వర్జిలుని మహాకావ్యమును నీచభాషలోనికి దించి, దాని కీ వేషపుఁబేరే పెట్టెను. సెటైరు పలువిధములగు పదార్థములతో నిండిన పళ్లెమును దెలుపు లాటినుమాటకు సంబంధించినది. ఇట్లు పాటయు, వంటయు, బట్టయు నీ శబ్దములకుఁ బుట్టినిండ్లు.

సంస్కృతమున మార్గము వేఱు. "హస" ధాతు వొక్కటే. ఉపసర్గభేదముచే నది పరిహాసము, ఉపహాసము, అపహాసము అని యర్థాంతరములఁ బొందును. ప్రపూర్వకమై ల్యుట్ప్రత్యయముతోఁ బ్రహసనమగును. నవ్వువాని తీరు నిచట ముఖ్యము. స్మితము మొదలుగా నతిహసితము వఱకు భరతుఁడు చెప్పిన యాఱు భేదములు నట్టివే. అయిన నాట్యశాస్త్రము షష్ఠాధ్యాయమున నవ్వునకుఁ గారణములును జెప్పఁబడినవి: వికృతమగు పరవేషము, ధార్ష్ట్యము, కుహకము, అసత్ప్రలాపము, దోషోదాహరణము మున్నగునవి. ఆంగ్లశబ్దములలోఁ బెక్కింటి కిచటనే సరియగు మాటలు దొరకుచున్నవి. ట్రావెస్టీ వికృతపరవేషము, సెటైరు దోషోదాహరణము, లేనిదానిని గలదని చూపు బూటకము కుహకము.

కన్యాశుల్కమున నీ భేదములు విస్పష్టములు. కరటకశాస్త్రి తన శిష్యునకు ఆఁడువేషము వేసి లుబ్ధావధాన్లకుఁ బెండ్లి చేయుట పరవేషము. గిరీశము సంస్కర్త కాఁడు, సంస్కర్తవలె మాటలాడును. చదువు కొంచెము, ఆంగ్లపదముల చప్పుడు మెండు. ఇది కుహకము. ఈ రెంటిని "వేళాకోళము" అని యొక్కచోఁ జేర్చినచో నాటకము సగము తెలియకపోవును. శిష్యుని వేషము లోభిని వంచించి యొక బాలికను గాపాడుటకు వేసినది. గిరీశము మాట తన యవసరమునకుఁ బరులను వంచించుటకుఁ బుట్టినది. రెండును నటనలే; మొదటిదానికి సామాజికుఁడు వంచకుని పక్షమున నవ్వును, రెండవదానికి వంచకునిఁ జూచి నవ్వును.

ఈ నవ్వు వట్టి వినోదము కాదు. విశాఖపట్టణము జిల్లాలో మూడు సంవత్సరములలో బ్రాహ్మణకుటుంబములయందు జరిగిన శుల్కవివాహములను లెక్కింపఁగా 1034 తేలినవని గురజాడ తన ఆంగ్లపీఠికయందుఁ దెలిపెను. 1892లో విజయనగరమునఁ బ్రదర్శింపఁబడి, 1897లో నచ్చుపడి, 1909లో మిక్కిలి పెంపఁబడిన యీ నాటకమున నవ్వు వెనుక నా లెక్క నిలిచియున్నది.

ప్రహసనశబ్దము కథ వేఱొకటి. ఏడవ శతాబ్దమునఁ బల్లవరాజగు మహేంద్రవర్మ మత్తవిలాసమును రచించిన నాఁడది రూపకభేదము. కందుకూరి వీరేశలింగము దురాచారములపైఁ బ్రహసనములు వ్రాసిన నాఁడును నర్థ మదియే. నేఁడు పత్రికలలో "విచారణ ప్రహసనమైనది" అనఁగా వట్టి తంతు అయ్యెనని భావము. ఫార్సుశబ్దమును నాంగ్లమున నీత్రోవనే నడచినది. కూరినది రంగము దిగి సభలలోనికి వచ్చెను. రంగమున నటుఁడు తాను నటించుచున్నానని యెఱిఁగించియే నటించును. సభలో నా యొప్పుకోలు లేదు. కావున నీ రెండర్థములను వేఱుచేసి బోధింపవలెను.

పారడీకి మాత్రము మనవారు ఆంగ్లపదమునే కైకొనిరి. జలసూత్రము రుక్మిణీనాథశాస్త్రి తెలుఁగున దీనిచేఁ బ్రసిద్ధుఁడు. మూలమగు పద్యమును జదువరి యెఱిఁగియుండవలెను. లేనిచో నవ్వు పుట్టదు. ఈ మూలాపేక్ష పరిహాసమునకు లేదు. "హాస్యానుకృతి" అన్నచో నా యపేక్ష కొంత తెలియును.

కావున ననువాదకుఁ డడుగఁదగిన ప్రశ్న యొక్కటి: ఇచట నెరవు తెచ్చినది గొంతా, వేషమా, మర్యాదా? గొంతైనచో హాస్యానుకృతి, వేషమైనచో వికృతవేషము, మర్యాదయైనచోఁ గుహకము. గిరీశము నెఱిఁగిన తెలుఁగువారి కీ మూఁడవదానిని గుర్తుపట్టుట కష్టము కాదు.