మన తాతల సైకిలు ఎప్పటిది?

మూలన పడివున్న పాత హెర్క్యులిస్ సైకిలును ఇనుముకి వేసేముందు ఒకసారి తుడిచి చూద్దాం. హెర్క్యులిస్ అనగానే ఇంగ్లాండు బండి అనేస్తాం. ఆ కంపెనీ పుట్టింది బర్మింగ్‌హామ్‌లోనే. అయితే 1949లో మురుగప్ప వారు ఇంగ్లాండు కంపెనీతో కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టాక, అదే పేరుతో మన రైలుదారిలోని అంబత్తూరులోనే బళ్ళు తయారయ్యాయి. కాబట్టి హ్యాండిల్ కింద ముందు గొట్టానికున్న బ్యాడ్జి మీద ఊరి పేరు, దేశం పేరు చదవాలి.

వెనక చక్రానికి స్టర్మీ ఆర్చర్ గేరు హబ్బు ఉంటే, చాలావాటి మీద తయారైన సంవత్సరం అంకెల్లో కొట్టివుంటుంది. అది హబ్బు వయసు మాత్రమే. చక్రం తర్వాత మార్చి ఉండవచ్చు. బ్యాడ్జి, హబ్బు, ఫ్రేము మూడూ ఒకే మాట చెబితేనే నమ్మాలి. అంతవరకు కొత్త రంగు వేయించకండి, పాత గుర్తులన్నీ దానికింద పోతాయి.

అంబత్తూరు బండి అని తేలితే చిన్నబోనక్కర్లేదు. స్వతంత్రం వచ్చిన కొత్తలో మన పక్క ఊళ్ళో మొదలైన పనికి అది సాక్ష్యం. దాచుకుందాం.