వెనుక చూపు - బండ్ల చరిత్రలో ఒక చిన్న అధ్యాయము

ఉగాది సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని సంఘము వారు కోరినప్పుడు, రాజులను గూర్చియు శాసనములను గూర్చియు వ్రాయు పాండిత్యము నాకు లేదని మనవి చేసికొంటిని. నేను పదవ తరగతితో చదువు ముగించి రైల్వేలో గుమాస్తాగా నున్నవాడను. "నీకు తెలిసిందే రాయవయ్యా" అని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. నాకు తెలిసినవి బండ్లు. అందుచేత బండి వెనుకకు నడచునప్పుడు వెనుక నున్నదానిని ఎవరు చూతురు అను విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన అత్తిబెలె, బెంగళూరు నుండి హోసూరు పోవు 44వ నంబరు జాతీయ రహదారిపై, కర్ణాటక సరిహద్దున నున్న ఊరు. పగలనక రాత్రియనక లారీలు వచ్చుచుండును, పోవుచుండును. ఇచ్చటి సందులలో లారీని వెనుకకు త్రిప్పవలెనన్న క్లీనరు దిగి, వెనుక నిలచి, "రానీ, రానీ, లెఫ్టు కొట్టు, ఇంకా రానీ, హోల్డాన్!" అని కేక వేయును. ఆ కేక మన పిల్లలకు పుట్టినది మొదలు అలవాటే. దాని వెనుక ఎంత చరిత్ర యున్నదో నిరుటి వరకు నాకును తెలియదు.

నిరుడు మా వీధిలోని ఒక పెద్దాయన పాత మినీబస్సు నొకదానిని కొని, ఆర్.టి.ఓ. అనుమతితో అందులో పడకలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు అమర్చించి, యాత్రలకు అద్దెకిచ్చు ఏర్పాటు చేసెను. ఇట్టి బండిని అమెరికాలో 'ఆర్.వి.' యందురు. ఆయన అనంతపురము జిల్లావారు. నేను మామా అని పిలుతును. వైర్లెస్ కెమెరా నొకటి కొనితెచ్చి, "అల్లుడూ, దీన్ని బండి వెనక బిగించిపెట్టు. ఇది వచ్చినంక క్లీనరెందుకు? వాని బత్తా మిగుల్తుంది" అనెను.

ఆ క్లీనరు పందొమ్మిదేండ్ల కుర్రవాడు. సాయంకాలము మా గుమ్మము వద్దకు వచ్చి, "అన్నా, అది పెట్టినంక నన్ను పంపిచ్చేస్తారంట, నిజమేనా?" అని అడిగెను. నాకు బదులు తోచలేదు. ఆ బదులు కొరకే ఈ చరిత్రను వెదకితిని.

మొదట మా రైల్వే సంగతి చెప్పుదును. రైలుబండికి ముందు డ్రైవరు ఎట్లో, వెనుక గార్డు అట్లే. 2022లో ఆ ఉద్యోగమునకు 'ట్రైన్ మేనేజర్' అని పేరు మార్చిరి. చివరి పెట్టె వెనుక 'ఎల్.వి.' అను పలక యుండును, రాత్రివేళ ఎర్రదీపముండును. ఆ గుర్తు చూచినగాని బండి మొత్తము వచ్చినదని స్టేషను మాస్టరు ఒప్పుకొనడు. షంటింగు చేయునప్పుడు క్రింద నిలచిన మనిషి జెండాతో, రాత్రియైన దీపముతో సంజ్ఞ చేయును. జెండా లేనిచో రెండు చేతులు తలపైకెత్తిన చాలు, డ్రైవరు బండి నిలుపవలసినదే. అనగా, వెనుకనున్నవాడు చూచుటయే గాక ఆపు అధికారము గలవాడు. ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక మోటారు కార్ల సంగతి. డొరొతీ లెవిట్ అను ఆంగ్ల వనిత 1909లో ప్రకటించిన పుస్తకములో, కారు నడుపు స్త్రీలు చేతి అద్దమొకటి దగ్గర నుంచుకొని, అప్పుడప్పుడు వెనుకకు చూచుకొనవలెనని సలహా యిచ్చెను. తరువాత 1911వ సంవత్సరము మే 30వ తేదీన అమెరికాలోని ఇండియనాపోలిస్‌లో 500 మైళ్ల పందెము మొదటిసారి జరిగెను. ఆ కాలపు పందెపు కార్లలో డ్రైవరు ప్రక్కన మెకానిక్కు కూర్చుండి, వెనుక ఎవరు వచ్చుచున్నారో చెప్పుట వాడుక. రే హారౌన్ అను నతడు ఒక్కడే కూర్చుండు కారుతో వచ్చెను. వెనుక చూచువాడు లేనిదే ప్రమాదమని తక్కినవారు ఆక్షేపింపగా, అతడు తన ముందు ఒక అద్దము బిగించుకొని, పందెము గెలిచెను. అయితే ఇటుకలు పరచిన ఆ బాటపై కారు అదరుటచేత అద్దములో తనకేమియు కనబడలేదని అతడే తరువాత చెప్పెను!

నేను ఈ సంగతి చదివి చాలసేపు ఆలోచించితిని. మెకానిక్కు దిగిపోయెను, అద్దము వచ్చెను, గెలుపు వచ్చెను, కాని వెనుక చూపు మాత్రము రాలేదు. మామ ఆలోచనయు నూరేండ్ల నాటి ఆ ఆలోచన వంటిదే గదా!

క్రమముగా అద్దములు బాగుపడినవి. కాని పెద్ద బండికి సరిగా వెనుక, క్రింది భాగమున నున్న చోటు ఏ అద్దములోను కనబడదు. 1956లో జనరల్ మోటార్స్ వారు బ్యూక్ సెంచూరియన్ అను నమూనా కారుకు అద్దము బదులు వెనుక టెలివిజన్ కెమెరా, ముందు చిన్న తెర పెట్టి ప్రదర్శించిరి. అది ప్రదర్శనకే పరిమితమైనది. తరువాత జపానులో టొయోటా కారుకు ఇట్టి కెమెరా వచ్చెను.

చట్టము రాక వెనుక ఒక దుఃఖము కలదు. 2002లో న్యూయార్కు రాష్ట్రమున ఒక వైద్యుడు తన ఇంటి ముంగిట బండిని వెనుకకు నడుపగా, రెండేండ్ల తన బిడ్డయే దాని క్రింద పడి మరణించెను. ఆ బిడ్డ పేర 2008లో అమెరికాలో చట్టము వచ్చెను. బండ్లు వెనుకకు నడచుటలో ఏటా సుమారు 210 మంది ఆ దేశమున చనిపోవుచున్నారనియు, అందులో నూటికి 31 మంది ఐదేండ్ల లోపు పిల్లలనియు అచ్చటి ప్రభుత్వము 2014లో లెక్క చెప్పెను. 2018 మే నెల నుండి 10,000 పౌండ్ల లోపు బరువుగల కొత్త బండ్లన్నిటికి కెమెరా తప్పనిసరి చేసిరి. పెద్ద ఆర్.వి.లు ఆ బరువును మించును గనుక, వాటి యజమానులు పలువురు తామే కొని బిగించుకొందురు. మన దేశమున 2019 జూలై 1 నుండి కొత్త కార్లకు, వెనుక అడ్డమున్నచో కూత పెట్టు సెన్సారు తప్పనిసరి.

ఇట్లు చదువుకొని, ఒక ఆదివారము పనికి పూనుకొంటిని. పొడవాటి బండిలో వెనుకనుండి ముందు వరకు తీగ లాగుట కష్టము గనుకనే వైర్లెస్. ఇది 2.4 గిగాహెర్ట్జు తరంగములపై నడచును. వీటిని తక్కువ శక్తితో వాడుటకు లైసెన్సు అక్కరలేదని మన ప్రభుత్వము 2005లో నియమము చేసెను. కెమెరాను వెనుక నడుమ ఎత్తున, నంబరు ప్లేటుకు అడ్డము రాకుండ బిగించితిని. కరెంటు రివర్సు లైటు తీగనుండి తీసికొంటిని. బండి 12 వోల్టులదో 24 వోల్టులదో ముందుగా టెస్టరుతో చూడవలెను, లేనిచో కెమెరా కాలిపోవచ్చును. తెరకు ఫ్యూజు గుండా కరెంటిచ్చి, రెంటిని జతపరచితిని. తెరపై కుడి కుడిగా, ఎడమ ఎడమగా అద్దములో వలె కనబడుచున్నదా అని చూచుకొంటిని. పిల్లవాని ఎత్తు బిందెనొకదానిని ఒకటి, రెండు, మూడు గజముల దూరమున నిలిపి, ఎంతలో ఎట్లు కనబడునో గుర్తు పెట్టితిని.

మామ ఇంజను వేసి, తెర చూచుచు బండిని వెనుకకు నడుపసాగెను. ఉన్నట్లుండి తెరపై బొమ్మ నిలచిపోయినది. ఆయన అది గమనింపలేదు. నిలచిన బొమ్మలో వీధి ఖాళీగానే యున్నది గదా! అంతలో "హోల్డాన్! హోల్డాన్!" అని కేకయు, బస్సు రేకుపై దబదబమను చప్పుడును వినవచ్చెను. మామ బ్రేకు తొక్కెను. దిగి చూడగా, ప్రక్కింటి నాలుగేండ్ల పాప బంతికొరకు వంగి యున్నది. మూడు మూరల దూరము. కుర్రవాని చేయి ఇంకను బస్సుపైననే యున్నది.

తరువాత యాంటెన్నాను ఇనుప గోడ చాటునుండి వెలుపలికి మార్చగా బొమ్మ స్థిరపడినది. కెమెరా మంచి వస్తువే. చీకటిలో, వానలో, క్లీనరుకు కనబడని చోటును చూపును. గోడకును బండికిని నడుమ నలిగి ప్రాణము పోగొట్టుకొను అవస్థ క్లీనర్లకు తప్పించును. కుర్రవాడు ఇప్పుడు బండి వెనుక గాక ప్రక్కన, డ్రైవరుకు కనబడు చోట నిలచి కేక వేయుచున్నాడు. కాని కెమెరా చూపును గాని ఆపదు. ఆపువాడు మనిషి.

మామ ఆ రాత్రి ఏమియు మాటలాడలేదు. నెల తిరిగినప్పుడు మాత్రము కుర్రవానికి బత్తా యథాప్రకారము ముట్టినది.

కావున, సోదరీసోదరులారా, పండుగకు స్వగ్రామములకు బయలుదేరునప్పుడు, బండిని వెనుకకు తీయుటకు ముందు ఒక్కసారి దిగి చుట్టు తిరిగి చూడుడు. కెమెరా యున్నను చూడుడు. పిల్లలను లెక్కపెట్టుకొని గాని ఇంజను వేయకుడు. మీకందరికిని ఉగాది శుభాకాంక్షలు.