ఆహారం నుంచి విషలోహాల శోషణ

తిండితోనూ నీటితోనూ కడుపులోకి వెళ్లిన సీసం, కాడ్మియం, పాదరసం, ఆర్సెనిక్ వంటి మూలకాలు పేగు గోడ దాటి రక్తంలో కలవడమే విషలోహాల శోషణ. వీటి కోసమంటూ ఒంట్లో దారి ఏదీ లేదు. ఇనుము, కాల్షియం, ఫాస్ఫేటు లోపలికి పోయే దారుల్లోనే ఇవీ దూరతాయి. అందుకే ఒకే కూర తిన్న ఇద్దరిలో పోషకాల లోటు ఉన్నవారికే విషం ఎక్కువగా ఎక్కుతుంది.

చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలో డీఎంటీ-1 అనే రవాణా ప్రోటీన్ ఉంటుంది. ఇనుమును కణంలోకి చేర్చడం దాని పని. ఒంట్లో ఇనుము తగ్గితే పేగు ఈ ప్రోటీన్‌ను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. కాడ్మియానికీ అదే అదను. మామూలుగా తిన్న కాడ్మియంలో 3 నుంచి 5 శాతమే రక్తంలో చేరుతుంది. ఇనుము లోపించిన స్త్రీలలో అది 10 శాతం దాకా పోవచ్చు. చేరింది మూత్రపిండాల్లో తిష్ఠ వేస్తుంది. సగానికి తగ్గడానికే 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. జపాన్‌లో జింజు నది నీటితో పండిన బియ్యం తిని ఎముకలు పెళుసైపోయిన ‘ఇటాయ్-ఇటాయ్’ బాధితుల్లో ఎక్కువమంది నడివయసు దాటిన ఆడవాళ్లే. దానికి కాడ్మియమే కారణమని ఆ దేశ ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది.

సీసం కాల్షియంలా నటిస్తుంది. మింగిన సీసంలో పెద్దల ఒంటికి పట్టేది సుమారు 10 శాతం, పసిపిల్లలకు సగం దాకా. పరగడుపున ఎవరికైనా ఇంకా ఎక్కువ పడుతుంది. రక్తంలో నెల రోజులకు సగం తగ్గినా, ఎముకల్లో చేరింది దశాబ్దాలు ఉంటుంది; గర్భిణి ఎముకల్లోంచి కాల్షియంతో పాటు కరిగి బిడ్డకూ చేరుతుంది. హీమోగ్లోబిన్ తయారీని అడ్డుకుని రక్తహీనతను పెంచేది కూడా సీసమే. ఇనుము లోటుతో వచ్చే రక్తహీనత సీసాన్నీ రానిస్తుంది, సీసం రక్తహీనతను ముదిరేలా చేస్తుంది. 2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా మూర్ఛ, వాంతులతో ఆసుపత్రుల పాలైనప్పుడు, రోగుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ గుర్తించింది. పురుగుమందుల అవశేషాలపైనా పరిశోధన సాగింది.

ఇక ఇనుము లోటు సంగతి. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు పేరుపడ్డ ఊరు. బెల్లం తింటే రక్తం పడుతుందని ఇక్కడ బాలింతలకు పెడతారు. అందులో ఇనుము ఉన్న మాట నిజమే. అయితే మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టేది కొంచెమే. నిమ్మరసమో, ఉసిరికాయో, జామకాయో తోడైతే మెరుగు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ కాస్తా తగ్గుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. విషలోహాల ముప్పును లెక్కించేటప్పుడు ఫ్యాక్టరీ గొట్టాలతో పాటు ఈ అంకెనూ చూడాలి. ఉత్తరాంధ్రలో పొద్దున్నే తాగే చోడంబలి, అంటే రాగి అంబలి, సీసం విషయంలో మేలైన అలవాటు: 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పైగా కడుపు ఖాళీగా ఉండదు.

చేపల్లోని మిథైల్ పాదరసం తీరు వేరు. అది దాదాపు 95 శాతం పేగుల్లోనే రక్తంలోకి పోతుంది. సిస్టీన్‌తో జతకట్టి, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లంలా కనిపిస్తూ మెదడులోకీ, మాయ దాటి గర్భంలోకీ వెళ్తుంది. చిన్న చేపల్ని తిని పెరిగే సొర వంటి పెద్ద చేపల్లో ఇది పోగుపడుతుంది. అనకాపల్లి జిల్లా పూడిమడక తీరంలో దొరికే కవళ్లు, కానాగడతల వంటి చిన్న చేపల జాతుల్లో సాధారణంగా తక్కువ. గర్భిణులకు అవే మంచివి.

వరి మొక్క సిలికాన్ కోసం పెట్టుకున్న దారిలో ఆర్సెనిక్‌ను పీల్చుకుంటుంది. ఎక్కువ ఎసరు పెట్టి గంజి వార్చితే అందులో కొంత పోతుంది, కొన్ని బి విటమిన్లూ పోతాయి. ఎసటి నీరే కలుషితమైతే మాత్రం వార్చినా లాభం లేదు.

రక్తంలో సీసం బాగా ఎక్కువైనప్పుడు దాన్ని మూత్రంతో బయటికి పంపే మందులున్నాయి. అవి వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలి. సీసం కనిపించిన పిల్లల్లో ఇనుము లోపాన్నీ పరీక్షించి, ఉంటే సరిచేయడం చికిత్సలో భాగం.