గాదె క్రింది రాయి

గత యేడాది తొలకరి వాన పడినవెంటనే మేము పెరటి కొట్టములోని ట్రాక్టరును బయటకు తీయబోగా అది కదలలేదు. రబీ పనులు ముగిసిన తరువాత రెండు నెలలపాటు దానివంక చూచినవారము కాము. బానెట్టు ఎత్తి చూడగా లోపల ఒక సంసారమే వెలసియున్నది. గోనెపీచు, ఎండుగడ్డి, చింకిగుడ్డలు చేర్చి కట్టిన గూడు; దాని ప్రక్కనే పైతొడుగు ఊడి రాగి బయటపడిన వైర్లు; ఎయిర్ ఫిల్టరులో గుప్పెడు వడ్లపొట్టు. మెకానిక్కు వచ్చి బాగుచేయుటకు నాలుగు దినములు పట్టినది. అంతలో పదును ఆరిపోయెను. పొరుగువారు దున్నుకొనిరి, మేము గట్టుమీద నిలిచి చూచితిమి.

మా తాతగారి కాలమున కొట్టములో ట్రాక్టరు లేదు, మోట ఉండెడిది. పనిలేని దినములలో మోట తోలుతొండమును, మోకులను ఎలుకలు కొరకకుండ వాసమునకు వ్రేలాడగట్టెడివారు. వంటింటిలో పాలకు, పెరుగుకు ఉట్టి యెట్టిదో, కొట్టములో మోకులకు ఆ వాసము అట్టిది. ట్రాక్టరును వ్రేలాడగట్టలేము. కనుక పెద్దలు ఎరిగిన ఉపాయమును మనము వేరొక రూపమున వెదకికొనవలసియున్నది. దానికి చరిత్ర కొంత తోడ్పడునని మా నమ్మకము.

ధాన్యము నిలువచేయుట ఎంత ప్రాచీనమో, ఎలుకతోడి పోరాటమును అంత ప్రాచీనము. సైప్రస్ ద్వీపములో సుమారు 9,500 ఏండ్ల నాటి సమాధిలో మనిషి చెంతనే పిల్లిని పూడ్చిన జాడ బయటపడినట్లు 2004లో ప్రకటించిరి. నిలువధాన్యమునకు ఎలుకలును, ఎలుకలకొఱకు పిల్లియు వచ్చి, పిల్లి మనకు చుట్టమైనదని పురాతత్త్వజ్ఞుల అభిప్రాయము. ఈజిప్టులోని కాహూన్ పట్టణమును ఫ్లిండర్స్ పీట్రీ 1889లో త్రవ్వింప మొదలిడెను. దాదాపు నాలుగువేల ఏండ్ల నాటి ఆ యిండ్లలో ఇంచుమించు ప్రతి గది మూలయందును ఎలుక కన్నములు కనబడెను. వానిలో ఇంటివారు రాళ్ళును చెత్తయు కూరియుండిరి. నేటికిని మన యిండ్లలో జరుగుచున్నది అదియే.

మన దేశమున ఎలుకను రాజ్యమునకు కలుగు ఆపదలలో ఒకటిగా లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడుతలు, చిలుకలు, పొరుగు రాజులు అను ఆరింటిని ఈతిబాధలనిరి. శత్రురాజు సరసన ఎలుకను నిలిపిన పెద్దలు దాని బలమును తక్కువగా తలపలేదన్నమాట. కౌటిల్యుని అర్థశాస్త్రము ఎలుకల భయము కలిగినప్పుడు పిల్లులను, ముంగిసలను వదలుమని చెప్పుచున్నది. వానిని పట్టినను చంపినను పండ్రెండు పణముల జరిమానా విధించినది. జెముడుపాలు పూసిన గింజలను చల్లుట, ప్రజలు ఎలుకలను పన్నుగా చెల్లించుట కూడ అందు పేర్కొనబడినవి. ఇవన్నియు చంపు ఉపాయములే.

చేరనీయకుండు ఉపాయము వేరు. రోమను పండితుడు వారో క్రీ.పూ. 37లో రచించిన వ్యవసాయ గ్రంథమున ధాన్యపుకొట్టు ఎత్తుగా ఉండవలెననియు, గోడలను నేలను గచ్చుతోనో, ఊకయు ఆలివునూనె మడ్డియు కలిపిన మట్టితోనో మెత్తవలెననియు, అట్టి మెత్తుడు ఎలుకను పురుగును చేరనీయదనియు వ్రాసెను. కొన్ని దేశములవారు ధాన్యమును భూమిలో గోతులుతీసి దాతురని కూడ ఆయన చెప్పెను. అవి మన పాతరలే! గాలి చొరకుండ మూసిన గోతిలో గోధుమలు ఏబది యేండ్లు నిలుచుననియు, తెరచిన వెంటనే లోనికి దిగినచో ఊపిరాడక ప్రాణము పోవుననియు ఆయన హెచ్చరించెను. పాతర తెరచి కొంతసేపు గాలి తగులనిచ్చిన పిమ్మటనే దిగవలెనని మన పల్లెలలోను పెద్దలు చెప్పుదురు. లోపలి ప్రాణవాయువు తరిగిపోవుటయే దీనికి కారణము; పురుగు బ్రతుకనిదియు అందువలననే.

ఎత్తుమీద నిలుపు విద్యలో మూడు దూరదేశములు ఒకే ఉపాయమును కనిపెట్టినవి. జపానులో తోరో అనుచోట 1943లో బయల్పడిన యయోయి యుగపు గ్రామము ప్రసిద్ధమైనది. ఆ యుగమువారు ధాన్యపుకొట్టును స్తంభములపై నిలిపి, స్తంభముల తలలకు వెడల్పైన పలకలను అమర్చిరి. ఎక్కివచ్చిన ఎలుక పలక అడుగు తాకి ముందునకు పోలేక మరలిపోవును. జపానుభాషలో ఆ పలక పేరునకు ‘ఎలుకను మరలించునది’ అనియే అర్థము. స్పెయిన్ దేశపు వాయవ్యమున గలీషియా, అస్తూరియాలలోని ‘ఓరియో’ అను కొట్లకు స్తంభములపై బల్లపరుపు రాళ్ళు ఉండును. ఇంగ్లండులో పుట్టగొడుగు ఆకారపు రాళ్ళమీద కొట్లను కట్టెడివారు. ఆ రాళ్ళు నేడు తోటలలో అలంకారముగా మిగిలినవి. రేవులలో ఓడ మోకులకు తగిలించు గుండ్రని రేకులును ఈ జాతివే.

మన గాదెను రాళ్ళమీద నిలుపుటయు ఈ మార్గమునకు చేరినదే. వెదురుదబ్బలతో అల్లి, పేడమట్టి మెత్తి, అడుగున రాళ్ళు పెట్టుటవలన చెమ్మయు చెదయు చేరవు. క్రింద కలుగు పడినచో కంటికి కనబడును. పిల్లి దూరి తిరుగుటకు చోటుండును. అయితే మన రాళ్ళకు ఆ వెడల్పు తల లేదు. కాబట్టి ఎక్కగల ఎలుకను అవి పూర్తిగా ఆపలేకపోయినవి. ఇక గడ్డివెంటితో చుట్టిన పురి సంగతి చెప్పనక్కరలేదు. పందికొక్కు క్రిందినుండి త్రవ్వుకొనిరాగా దానిని ఆపునదేమియు లేదు. ఈ పందికొక్కు మన భాషనుండి ఇంగ్లీషులోనికి ‘బాండికూట్’ అయి పోయినది. అటుపిమ్మట ఆస్ట్రేలియాలోని సంచిజంతువొకదానికి కూడ ఆ పేరే పెట్టిరి.

పొలములో ఎలుకను పట్టుటలో నెల్లూరు సీమ యానాదుల నేర్పు ప్రసిద్ధము. గడ్డి కూరి నిప్పు వేసిన కుండను కలుగునోటికి ఆనించి, కుండకున్న చిన్న కన్నముగుండ ఊది పొగ నింపుదురు. దీనికి ఊదరపెట్టుట అని పేరు. కలుగులో ఎలుక దాచిన వెన్నులును వారికి దక్కెడివి. ఒకరి నష్టము వేరొకరి కూడు అయినది.

ఎలుక ధాన్యమునే కాదు, ప్రాణములను గూడ తీయునని పంతొమ్మిదవ శతాబ్దపు చివర తేటపడెను. ప్లేగు క్రిమిని 1894లో హాంగ్‌కాంగులో యెర్సిన్ కనుగొనెను. 1896లో ఆ వ్యాధి బొంబాయికి వచ్చి, కొన్ని దశాబ్దములలో మన దేశమున కోటికి పైగా ప్రాణములను బలిగొన్నది. ఎలుకమీది గోమారివంటి చిన్న పురుగు ఆ క్రిమిని మనిషికి చేర్చునని 1898లో కరాచీలో సిమాండ్ నిరూపించెను. కొన్నేండ్లపాటు ఎవరును నమ్మలేదు; 1905లో ఏర్పడిన పరిశోధక సంఘము చేసిన ప్రయోగములు దానిని స్థిరపరచినవి.

భయము పుట్టగానే లోకము చంపు మార్గమునే పట్టినది. హనోయి నగరమున 1902లో ఫ్రెంచి ప్రభుత్వము ఎలుక తోకకు ఇంత అని బహుమానము ప్రకటింపగా, తోకలు కోయబడిన ఎలుకలు వీధులలో తిరుగుచుండెను! తోకలకొఱకు ఎలుకలను పెంచినవారును ఉండిరి. బహుమానము రద్దయ్యెను. పిమ్మట 1948లో అమెరికాలో వార్ఫరిన్ అను విషము వచ్చెను. చెడిన తీపిక్లోవరు గడ్డిని మేసిన పశువులు రక్తము గడ్డకట్టక చచ్చుటకు కారణమును వెదకుచు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కార్ల్ పాల్ లింక్ బృందము కనుగొన్న పదార్థమునుండి అది పుట్టినది. అదే మందు నేడు మనుష్యులకు రక్తము గడ్డకట్టకుండ ఇచ్చుచున్నారు. ఎలుకల సమస్య తీరినదని అందరును తలచిరి. పదియేండ్లు నిండగనే, 1958లో, ఆ విషమునకు లొంగని ఎలుకలు స్కాట్లండులో కనబడినవి. మూడు వారములకొక ఈత ఈనగల జంతువును చంపి ముగించుట ఎట్లు? పైగా విషము తిని చచ్చిన ఎలుకను తినిన పిల్లియు గుడ్లగూబయు చచ్చినచో మన సైన్యమును మనమే చంపుకొన్నట్లు. ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పుపెట్టుకొనుట అనగా ఇదియే.

విషము బొత్తిగా కూడదని మా మాట కాదు. మిక్కిలి పెరిగినప్పుడు తెలిసినవారి సలహాతో వాడవలసివచ్చును. కాని గాదె క్రింది రాయి వేయి యేండ్లుగా చేయుచున్న పనిని ఏ విషమును అంతకాలము చేయలేదు. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థవారు రూపొందించిన పూసా గాదెలోను ఈ సూత్రమే కలదు. పచ్చి యిటుకల గోడల నడుమ పాలిథిన్ పొర వేసి చెమ్మను ఆపుదురు. అడుగునుండి 45 సెంటీమీటర్ల ఎత్తువరకు కాల్చిన యిటుకలు కట్టి ఎలుకను ఆపుదురు.

శ్రోతలలో వ్యవసాయదారులైనవారికి మేము నేర్చుకొన్నది చెప్పెదము. చిట్టెలుకకు పెన్సిలు దూరునంత సందు చాలును. కనుక తలుపు అడుగున ఇనుపరేకు కొట్టించి, గాలికంతలకు సన్నని ఇనుపజాలీ బిగింపవలెను. గడ్డివామిని, గోనెసంచులను కొట్టమునకు దూరముగా ఉంచవలెను. యంత్రమును లోపల పెట్టుటకు ముందు గింజ, పొట్టు, గడ్డి ఒక్కటియు మిగులకుండ దులిపి తుడువవలెను. ఎలుకను పిలుచునది ఆ గింజయే. సైలెన్సరు గొట్టమునకు మూత పెట్టినచో స్టీరింగుకు ఒక ఎఱ్ఱగుడ్డ కట్టవలెను. లేకున్న మూత తీయుట మరతుము. ఎలుక పెంటికలను పొడిగా ఊడ్వక, మందునీరు చల్లి, చేతులకు తొడుగులు వేసికొని తీయవలెను. వాని మూత్రమువలన వచ్చు జ్వరములు ప్రమాదకరములు. అన్నిటికంటె ముఖ్యము, వారమునకొక్కసారియైన బానెట్టు ఎత్తి చూచుట.

ఈ యేడు మేము అట్లే చేసితిమి. మూడవ వారమున బ్యాటరీ ప్రక్కన నాలుగు గడ్డిపరకలు, ఒక గోనెపోగు కనబడెను. తీసివేసి, తలుపు మూల మిగిలిన సందును సిమెంటుతో మూసితిమి. తరువాతి వారము మరల చూచితిమి, ఏమియు లేదు. మొన్న మొదటి వాన పడినప్పుడు ట్రాక్టరు తాళము త్రిప్పగనే కదలినది. పొరుగువారికంటె ముందే మా చేను పదునుమీద దున్నితిమి.