అద్దములోని కీటకములు

మన భాషలో జోరీగ, తూనీగ, తేనెటీగ, కందిరీగ అను పేరులన్నిటి చివరను ఈగ యున్నది. ఇంగ్లీషునందు జోరీగ, తూనీగ, సీతాకోకచిలుకల పేరులు మూడును 'ఫ్లై' అను మాటతోనే ముగియును. ఈ చిన్న పోలికను పట్టుకొని ఒక గణితోపాధ్యాయుడు భూమిపై లేని కీటకజాతిని సృష్టించెను. ఆయన ఆక్స్‌ఫర్డులోని చార్లెస్ డాడ్జ్‌సన్. లూయిస్ కారల్ అనునది ఆయన కలము పేరు. 1871 డిసెంబరులో వెలువడిన 'త్రూ ది లుకింగ్ గ్లాస్' అను కథలో ఆలిస్ అను బాలిక అద్దమును దాటి వేరొక లోకమున ప్రవేశించును.

అచట కోడియంత దోమ యొకటి, పిలిచినను పలుకని పురుగులకు పేరులేల యని యామెను ప్రశ్నించును. అవి పురుగులకు గాక, పేరు పెట్టినవారికే యుపయోగమని ఆలిస్ భావన. పిదప దోమ తన లోకపు పురుగులను చూపును. జోరీగకు బదులు ఊగుడు కొయ్యగుర్రపు ఈగ: దాని యొడలంతయు కర్ర, ఆహారము చెట్టుపాలు, రంపపుపొట్టు. తూనీగకు బదులు క్రిస్మసు పిండివంటతోనైన పురుగు: దాని తల బ్రాందిలో మండుచున్న ఎండుద్రాక్ష. 'బటర్‌ఫ్లై'కి బదులు రొట్టె, వెన్నల ఈగ: రెక్కలు రొట్టెముక్కలు, తల చక్కెరగడ్డ, ఆహారము మీగడ కలిపిన పలుచని తేనీరు. తేనీరు దొరకకున్న నది చచ్చును. దొరకినచో చక్కెర తల కరగిపోవును గదా! ఈ రెండవ మాటను కారల్ పాఠకుని యూహకే విడిచెను.

తరువాతి ఘట్టము మరింత గంభీరము. పేరులు మరపునకు వచ్చు అడవిలో ఆలిస్ జింకపిల్ల మెడపై చేతులు వైచి నడచును. అడవి దాటగనే తాను జింకననియు, ఆమె మనుష్యశిశువనియు జ్ఞప్తికి వచ్చి జింకపిల్ల పారిపోవును. పేరుతోపాటు భయమును తిరిగి వచ్చినది.

ఈ లోకపు కీటక మొకటి నూరేండ్లకు పైగా అజ్ఞాతవాస మొనర్చెను. అది పసుపుపచ్చని విగ్గు ధరించిన ముసలి కందిరీగ. చిత్రకారుడు జాన్ టెనియల్ 1870 జూన్‌లో లేఖ వ్రాసి, అట్టి కందిరీగ చిత్రకళకు లొంగదని తెలుపగా, కారల్ ఆ భాగమును తొలగించెను. 1898లో ఆయన మేనల్లుడు కాలింగ్‌వుడ్ రచించిన జీవితచరిత్రవలన లోకమునకు కందిరీగ మాట తెలిసెను. 1974లో లండను వేలమునందు ఆ భాగపు అచ్చుచిత్తులు బయల్పడినవి, 1977లో ప్రకటింపబడినవి. అవి కారల్ రచన యగునా యని శంకించువారును గలరు.

పేరులవలన పురుగులకు ప్రయోజనము లేదన్న మాటను మేము కాదనజాలము. అయినను డెబ్బదియారేండ్లు ఈ కందిరీగను మనుష్యుల జ్ఞప్తిలో నిలిపినది దాని పేరొక్కటియే.