కారు బ్లూటూత్‌తో ఫోన్ పొత్తు: ఒక పరీక్ష పుట్టుపూర్వోత్తరాలు

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఫోన్ చేతపట్టుకుని కారు నడిపేవారికి ఒకప్పుడు 200 దిర్హాములుగా ఉన్న జరిమానా 2017 జూలై 1 నుంచి 800 దిర్హాములకు పెరిగింది. దానితోపాటు 4 బ్లాక్ పాయింట్లు, అంటే మొత్తం 24కు చేరితే లైసెన్సును నిలిపివేసే తప్పుల లెక్క, డ్రైవరు ఖాతాలో పడతాయి. ఫోన్‌ను చేత్తో పట్టకుండా మాట్లాడే హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి చట్టం చోటిచ్చింది కాబట్టి, తన ఫోన్ కారులోని బ్లూటూత్‌తో పనిచేస్తుందో లేదో ముందే తేల్చుకోవడం అక్కడి వాహనదారుకు అవసరమైంది. ఆ పరీక్ష ఎందుకు అవసరమవుతుందో తెలియాలంటే బ్లూటూత్ ఎదిగిన క్రమాన్ని చూడాలి.

స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎరిక్సన్ సంస్థ 1994లో ఆరంభించిన పరిశోధనకు, 1998లో ఐబీఎం, ఇంటెల్, నోకియా, తోషిబా తోడై ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించే సంఘంగా ఏర్పడ్డాయి. లైసెన్సు అక్కరలేని 2.4 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో, 79 చానెళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు మారుతూ సాగే ఈ సంకేతం, అదే పౌనఃపున్యాన్ని వాడే ఇతర పరికరాల అలజడిని తప్పించుకుంటుంది. అయితే రేడియో కలిసినంత మాత్రాన పని జరగదు. మాట్లాడటం, సంగీతం వినిపించడం, ఫోన్‌లోని పేర్ల పట్టికను కారు తెరపై చూపడం, సందేశాలను అందించడం వంటి ఒక్కొక్క పనికి ప్రొఫైల్ అనే ప్రత్యేక నియమావళి ఉంది; ఆ పని సాగాలంటే రెండు పరికరాలలోనూ అదే ప్రొఫైల్ ఉండాలి.

ఈ నియమావళులన్నీ ఒకేసారి పుట్టలేదు, అన్ని ఫోన్లలోకీ ఒకేసారి చేరలేదు. 2007లో వచ్చిన తొలి ఐఫోన్ కారులో కాల్స్ అందించగలిగినా, బ్లూటూత్ మీదుగా స్టీరియో సంగీతం ఐఫోన్లకు 2009లోనూ, సందేశాలను కారుకు పంపే సౌకర్యం 2012లోనూ సమకూరాయి. రెండు పరికరాలను మొదటిసారి పరిచయం చేసే పెయిరింగ్ కూడా మారింది: పూర్వం 0000, 1234 వంటి సంకేత సంఖ్యను టైపు చేయవలసి ఉండగా, 2007 నాటి 2.1 ప్రమాణం తర్వాత రెండు తెరలపై కనబడే ఆరంకెల సంఖ్య ఒకటేనని నిర్ధారిస్తే చాలు.

ఫోన్ రెండు మూడేళ్లకే మారుతుంది, కారు మాత్రం పది పదిహేనేళ్లు తిరుగుతుంది. అందువల్ల పాత కారులో స్థిరపడిపోయిన ప్రొఫైళ్లకూ కొత్త ఫోన్‌కూ మధ్య ఎడం ఏర్పడుతుంది. కార్ల కంపెనీలు తాము పరీక్షించిన ఫోన్ల జాబితాలను ప్రకటించడానికి కారణమిదే. దుబాయ్‌లోని రాస్ అల్ ఖోర్ వంటి పాత కార్ల బజారులో కొనేవారికి జాబితా చాలదు: కాల్ కలిపి అవతలివారికి మాట స్పష్టంగా వినబడుతోందా, పాట వస్తోందా, పేర్ల పట్టిక దిగుతోందా, ఇంజను ఆపి మళ్లీ నడిపితే ఫోన్ తనంతట తాను కలుస్తోందా అన్నవి విడివిడిగా చూడాలి. పాత యజమానుల ఫోన్లతో కారు జ్ఞాపకం నిండిపోయి ఉంటే కొత్త ఫోన్‌కు చోటు దొరకకపోవచ్చు కాబట్టి, ముందుగా వాటిని చెరిపివేయడం మేలు. అమ్మేవారికైతే తమ పరిచయస్థుల నంబర్లు పరుల చేతికి పోకుండా చూసుకోవడానికీ అదే మార్గం.

2014లో కార్‌ప్లే, 2015లో ఆండ్రాయిడ్ ఆటో రావడంతో ఫోన్ తెరే కారు తెరపైకి వచ్చినా పరీక్ష తప్పలేదు. వాటి వైర్‌లెస్ రూపాలలో పరిచయం బ్లూటూత్‌తోనూ, ఆపై సమాచారం వైఫైతోనూ సాగుతుంది కనుక, సరిచూడవలసిన అంశాలకు మరొకటి తోడైంది.