నల్లమలను తొలిచిన జంట సొరంగాలు

తర్లుపాడు: పశ్చిమ ప్రకాశానికి కృష్ణానది దూరమేమీ కాదు. నల్లమల కొండల అవతల శ్రీశైలం జలాశయం ఉంది. ఇవతల మార్కాపురం, తర్లుపాడు, కంభం, గిద్దలూరు ప్రాంతాలున్నాయి. వాటికి దక్కేది అరకొర వర్షం, బోరు అడుగంటితే ఫ్లోరైడ్ నీరు. నీటికీ పొలానికీ నడుమ నిలిచినది కొండ ఒక్కటే. ఆ కొండ కడుపులోంచి నీటికి దారి తీసే పనే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. రాష్ట్రంలో చేపట్టిన క్లిష్టమైన నిర్మాణాలలో ఇదొకటి. దీని చరిత్రను జాప్యాల పట్టికగా చెప్పుకోవడం ఈ ప్రాంతంలో అలవాటైపోయింది. ఇన్నేళ్లు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు సగం జవాబు మాత్రం నల్లమల రాతిలోనే దొరుకుతుంది.

ప్రాజెక్టు కోసం దశాబ్దాల పాటు గళమెత్తిన కమ్యూనిస్టు నాయకుడు, మాజీ శాసనసభ్యుడు పూల సుబ్బయ్య పేరే దీనికి పెట్టారు. 1996 మార్చి 5న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు గొట్టిపడియ వద్ద శంకుస్థాపన చేశారు. వై.ఎస్.రాజశేఖరరెడ్డి హయాంలో జలయజ్ఞంలో భాగంగా అసలు పనులు ఊపందుకున్నాయి. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం పదకొండో షెడ్యూలులో చేర్చిన ప్రాజెక్టులలో ఇదీ ఉంది.

రోజుకో టీఎంసీ

శ్రీశైలం జలాశయం వెనుక భాగాన కొల్లంవాగు వద్ద నీరు సొరంగాల్లోకి ప్రవేశిస్తుంది. 18.8 కిలోమీటర్లు కొండ అడుగున సాగి దోర్నాల మండలం కొత్తూరు వద్ద బయటపడుతుంది. మొదటి సొరంగం వ్యాసం 7 మీటర్లు, సామర్థ్యం 3 వేల క్యూసెక్కులు. రెండోది 9.2 మీటర్ల వ్యాసంతో ఎనిమిదిన్నర వేల క్యూసెక్కులకు పైగా మోయగలదు. రెండూ నిండుగా పారితే రోజుకు దాదాపు ఒక టీఎంసీ నీరు ఇటు చేరుతుంది. కృష్ణకు వరద ఉండే 45 రోజుల్లో 43.5 టీఎంసీలు తరలించాలన్న లెక్క ఇక్కడి నుంచి వచ్చిందే. వరద తగ్గాక తెరిచినా, వరదలో మూసి ఉంచినా ఆ లెక్క తప్పుతుంది.

ఎక్కడా పంపులు లేవు. హంద్రీ-నీవాలో నీటిని మెట్టు మెట్టుగా ఎత్తిపోయాలి, దానికి కరెంటు బిల్లు కట్టాలి. వెలిగొండలో నీరు వాలును బట్టి తనంతట తానే వస్తుంది. నిర్మాణం ఎంత కష్టమైనా నిర్వహణ తేలిక. మెట్ట రైతుకు ఇది చిన్న విషయం కాదు.

బయటికి వచ్చిన నీరు 21.8 కిలోమీటర్ల ఫీడర్ కాలువ గుండా నల్లమల సాగర్ చేరుతుంది. కొండల మధ్య సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద ఉన్న మూడు కనుమలకు ఆనకట్టలు కట్టడంతో ఏర్పడే జలాశయమిది. నిల్వ సామర్థ్యం 53.85 టీఎంసీలు. మిగిలిన గట్లన్నీ ప్రకృతి కట్టినవే. ఈ కిటుకు ఈ గడ్డకు కొత్తది కాదు. తర్లుపాడుకు పొరుగునే ఉన్న కంభం చెరువు కూడా రెండు కొండల నడుమ సందును పూడ్చి, గుండ్లకమ్మను నిలిపి కట్టిందే. విజయనగర రాజపుత్రిక వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వారసత్వ కట్టడంగా గుర్తించింది. పాతకాలపు మేస్త్రీలు కనుమను చూసిన కళ్లతోనే నేటి ఇంజినీర్లూ చూశారనుకోవాలి.

ఒకే కొస నుంచి తవ్వకం

సొరంగం పొడవులో వెలిగొండ ప్రపంచ రికార్డులకు దరిదాపుల్లో లేదు. ఫిన్‌లాండ్‌లో హెల్సింకి నగరానికి తాగునీరు తెచ్చే పైయన్నె సొరంగం 120 కిలోమీటర్లు. 1982లో పూర్తయింది. స్విట్జర్లాండ్‌లో ఆల్ప్స్ పర్వతాల కింద 2016లో ప్రారంభమైన గొట్టార్డ్ రైలు సొరంగం 57 కిలోమీటర్లు. అంతటి సొరంగాలే పూర్తయినప్పుడు 18.8 కిలోమీటర్లకు ఇన్నేళ్లా అన్న సందేహం సహజం.

తేడా పొడవులో లేదు, దారుల్లో ఉంది. గొట్టార్డ్‌ను ఐదు ముక్కలుగా విభజించి, మధ్య మధ్య పక్కదారులు తీసి తవ్వారు. సెడ్రున్ అనే చోట కొండపై నుంచి 800 మీటర్ల లోతున బావి లాంటి గొయ్యి దింపి, అక్కడి నుంచి అటూ ఇటూ పని చేశారు. ఒక ముక్కలో పని ఆగినా మరోచోట సాగేది. వెలిగొండ సొరంగాల మీద ఉన్నది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అందులో యంత్రాలు దించి నడుమ గోతులు తీయడం కుదరదు. ఎగువ కొసన శ్రీశైలం నీళ్లు. కాబట్టి తవ్వకం భారమంతా దోర్నాల వైపు కొస మీదనే పడింది. యంత్రం ముందుకు సాగేకొద్దీ మట్టి బయటికి రావలసిన దూరం, లోపలికి గాలి, కరెంటు, కాంక్రీటు దిమ్మెలు, మనుషులు చేరవలసిన దూరం పెరుగుతూ పోయింది. లోపల ఏ చిన్న మరమ్మతు వచ్చినా పని మొత్తం ఆగేది.

రాయి సంగతి మరీ విచిత్రం. గట్టి క్వార్ట్‌జైట్, దాని నడుమ పలకల్లా విడిపోయే మెత్తని రాతిపొరలు ఈ కొండల స్వభావం. మార్కాపురం పలకల పరిశ్రమకు ప్రాణం పోసింది ఈ పలకరాయే. బడిపిల్లల చేతికి అక్షరాలనిచ్చిన ఆ రాయి సొరంగంలో మాత్రం శత్రువైంది. క్వార్ట్‌జైట్ తగిలితే యంత్రపు కోతబిళ్లలు అరిగిపోతాయి, పలకరాయి తగిలితే పైకప్పు ఊడి యంత్రం మీద పడుతుంది. టన్నెల్ బోరింగ్ యంత్రం, అదే టీబీఎం, పదే పదే మొరాయించడంతో రెండో సొరంగంలో మిగిలిన భాగాన్ని మందుగుండుతో పేల్చి, పాత పద్ధతిలోనే తొలవాల్సి వచ్చింది. మొదటి సొరంగం 2021 జనవరిలోను, రెండోది 2024 జనవరిలోను అవతలి కొసకు చేరాయి.

ఈ రాతిలో ప్రమాదం ఎంతటిదో నదికి ఆవల తెలిసింది. తెలంగాణలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూడా నల్లమల కిందిదే, పొడవు సుమారు 44 కిలోమీటర్లు. అక్కడా అభయారణ్యం, అక్కడా నడుమ దారులు లేవు. 2025 ఫిబ్రవరి 22న లోపల దాదాపు 14 కిలోమీటర్ల దూరాన పైకప్పు కూలి నీరు, బురద ముంచెత్తగా ఎనిమిది మంది సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వెలిగొండ పనులు నత్తనడకన సాగాయని విమర్శించేవారు ఈ సంఘటననూ గుర్తుంచుకోవడం న్యాయం.

నేల మీద మిగిలినది

ప్రాజెక్టు లక్ష్యం 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లోని 30 మండలాల్లో 15.25 లక్షల మందికి తాగునీరు. తొలిదశలో 1.19 లక్షల ఎకరాలు. 2024 మార్చి 6న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. కానీ సొరంగం పూర్తి కావడం వేరు, పొలానికి నీరు రావడం వేరు. ఆనాటికి నల్లమల సాగర్‌లో నీరు నింపే వీలు లేదు. ఫీడర్ కాలువ పనులు మిగిలే ఉన్నాయి.

అంతకన్నా పెద్ద మెలిక నిర్వాసితులది. సాగర్ నిండితే సుంకేసుల, గొట్టిపడియ, కలనూతల, గుండంచర్ల తదితర 11 గ్రామాలు మునుగుతాయి. భూమి పోయేది ఒక తరానికి, పరిహారం లెక్క వేసేది మరో తరానికి అన్నట్లు సాగింది అక్కడి వ్యవహారం. భూసేకరణ నాటికి పిల్లలుగా ఉన్నవారు తర్వాత పెళ్లిళ్లు చేసుకుని వేరు కాపురాలు పెట్టారు. వారిని కుటుంబాలుగా లెక్కించాలా, ఏ తేదీని ప్రాతిపదికగా తీసుకోవాలి అన్నవే పునరావాస ప్యాకేజీలో ప్రధాన వివాదాలయ్యాయి. కొండను తొలిచే యంత్రం ఎంత వేగంగా నడిచినా, ఈ ఊళ్లు ఖాళీ కానిదే సాగర్‌లో పూర్తిస్థాయిలో నీరు నిలపడం సాధ్యం కాదు.